నాన్నగారి పేరున్న ఖాళీ ప్రొఫైల్

దెయ్యాలంటే నాకు నవ్వే గానీ నమ్మకం ఏనాడూ లేదు. బళ్ళో సైన్సు చెబుతాను. అయినా ఇది రాస్తుంటే ఒళ్ళు ఝల్లుమంటోంది!

అంబాజీపేటలో మా ఇంటిల్లిపాదికీ ఒకటే ఈమెయిల్ ఉండేది, నాన్నగారిది. ఏ దరఖాస్తుకైనా కళ్ళు మూసుకుని ఆయన అడ్రసే ఇచ్చేసేవాళ్ళం. ఆయన హఠాత్తుగా పోయారు. పాస్‌వర్డు ఎవరికీ తెలీదు. ఆ మెయిల్ అలా మూతపడింది.

అందుకని నాకూ, చెల్లి సునీతకీ కొత్త అడ్రసులు తీశాను. కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రాంలో ఇద్దరికీ వేరువేరు ప్రొఫైళ్ళు పెట్టాను. తెరవగానే ఎవరి ప్రొఫైల్ కావాలో అది అడుగుతుంది. పక్కనే కూర్చున్న అమ్మ ఊరుకోలేదు.

"మీ ఇద్దరికీ పెట్టేవు, బానే ఉంది. మరి మీ నాన్నగారిదేదే?"

కాదనలేక 'నాన్నగారు' అని ఇంకొకటి పెట్టాను. పేరు మాత్రమే. అందులో ఏ మెయిల్ అకౌంటూ కలపలేదు.

అప్పుడు సునీత బావురుమంది. రాజమండ్రి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి అలవాటు కొద్దీ నాన్నగారి పాత అడ్రసే ఇచ్చేసిందట! ఇంటర్వ్యూ పిలుపు దానికే వస్తుంది. వయసు లెక్కన చెల్లికిదే ఆఖరి అవకాశం. ఫోన్ చేస్తే అక్కడెవరూ ఎత్తలేదు.

ఆ శనివారం పొద్దున్న నేను వంటింట్లో ఉన్నాను.

"అక్కా! ఒసే అక్కా, తొందరగా రావే!"

దోసెల పిండి చేత్తోనే పరుగెత్తాను. చూడకుండా ఎంటర్ కొట్టిందట, 'నాన్నగారు' ప్రొఫైల్ తెరుచుకుంది. అందులో ఒకే ఒక్క మెయిల్. ఇంటర్వ్యూ ఆ మధ్యాహ్నమే!

ఎలా వచ్చిందని ఆలోచించే తీరికెక్కడిది? ప్రింటు తీశాం. ఎదురింటి బాబాయిగారు లుంగీ మీదే కారు తీసేరు.

"ఆయ్, ఎక్కండమ్మా! టైముకి దింపే పూచీ నాది."

రావులపాలెం దాటేదాకా సునీత ఆ కాగితాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకుంది. సునీత సమయానికి లోపలికెళ్ళింది. ఉద్యోగం వచ్చింది! ఆసుపత్రి మెట్ల మీదే ఇద్దరం కావలించుకుని ఏడ్చేశాం.

ఇంటికొచ్చి మళ్ళీ ఆ ప్రొఫైల్ తెరిచాను. ఖాళీ. ముందు అకౌంటు కలపమని అడుగుతోంది. కంప్యూటర్లు బాగుచేసేతన్ని పిలిచి చూపించాను.

"ఇందులో అకౌంటే లేదు కదండీ, మెయిలెలా వస్తదండీ?" అన్నాడు. ప్రింటు చూపించేసరికి నోరెళ్ళబెట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ చెల్లి ఫైల్లో ఉంది. పాత మెయిల్ ఇప్పటికీ తెరుచుకోలేదు.

చెల్లి మొదటిసారి డ్యూటీకి వెళ్ళిన రోజున, ఆ ఖాళీ ప్రొఫైల్ తీసెయ్యనా అని అమ్మనడిగాను.

"తీసెయ్యమ్మా. ఆయన పనైపోయింది కదా," అంది కళ్ళు తుడుచుకుంటూ.

తీసెయ్యడానికి నాకే చేతులు రాలేదు.