ఓపెన్ పోస్టు ఎవరిది?

2022లో జగిత్యాలలోని ఒక ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేస్తున్నాను. కాంట్రాక్టు స్టాఫ్ నర్సుల నియామకం మా సెక్షన్‌కు వచ్చింది. ఏ పోస్టు ఏ వర్గానికి వెళ్లాలో వరుసగా చెప్పే పట్టికను రోస్టర్ అంటారు. దాని ప్రకారం ఆ విడతలో వచ్చినవి రెండే పోస్టులు: ఒకటి ఓపెన్, ఒకటి బీసీ-బి. ఓసీల్లో పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ పోస్టు రాలేదు. పోస్టులు తక్కువయ్యేకొద్దీ నాకు చుట్టాలు ఎక్కువవుతుంటారు.

ప్రొవిజనల్ లిస్టు అంటించాం. అభ్యంతరాలుంటే చెప్పుకోవడానికి పెట్టే తాత్కాలిక జాబితా అది. అందులో మొదటి పేరు శ్రీలతది, బుగ్గారం వైపు గౌడుల అమ్మాయి. బీసీ-బి అయినా అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి కనుక ఆమెను ఓపెన్ పోస్టులో చూపించాం. బీసీ-బి పోస్టు ఆ వర్గంలో తర్వాత ఉన్న జ్యోతికి వచ్చింది. జ్యోతిది సిరిసిల్ల నేత కుటుంబం. కోరుట్లలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంది.

మర్నాడే శ్రీలత ఊరి నుంచి మోహన్‌రావు గారు వచ్చారు. ఒకప్పటి దొరల కుటుంబం. మార్కుల వరుసలో శ్రీలత తర్వాత ఉన్నది ఆయన తమ్ముడి కూతురే; శ్రీలత బీసీ-బిలోకి పోతే ఓపెన్ పోస్టు ఆ పిల్లదే.

“వాళ్లకు వాళ్ల పోస్టు ఉండంగ, మా పోస్టుల ఎందుకేసిన్రు మేడం?”

“ఓపెనంటే ఓసీల కోటా కాదు సార్. ఎవలకు మార్కులెక్కువుంటే వాళ్లది.”

“దొరలని అందరంటరు. నా తమ్ముడు సచ్చిపోయిండు. ఆయన భూమంత దవాఖాన్లకే పాయె. గా పిల్ల కష్టం ఏ కోటల రాస్తరు?”

ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ పిల్ల కష్టానికి మందు శ్రీలత మార్కుల్లో లేదు. అభ్యంతరం రాసివ్వమన్నాను. ఆయన రాసివ్వలేదు.

బదులుగా రెండ్రోజులకు శ్రీలత తండ్రి రాజాగౌడ్ కూతురిని వెంటబెట్టుకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“అమ్మా, మా పిల్లను బీసీలనే ఏసేయున్రి. ఏ దాంట్ల ఏసినా నౌకరొక్కటే, జీతమొక్కటే. నేనెక్కే తాళ్లన్నీ మోహన్‌రావు దొర పొలం గట్ల మీదియే. ఆయనతోని పంచాది మాకెందుకు?”

తాళ్లంటే తాటిచెట్లు. గట్టు గలాయన ముఖం ముడిస్తే కల్లు గీసేవాడికి చెట్టు దక్కదు. చివాట్లు పెట్టి పంపుదామనుకున్న దాన్ని కాస్తా చల్లబడ్డాను. రూల్ ఒప్పుకోదన్నది నిజమే. కానీ అమ్మాయే రాసిస్తే గొడవ తప్పుతుందని మా పై అధికారి అప్పటికే మెత్తబడ్డారు. నేనెంత మొత్తుకున్నా వినేలా లేరు.

శ్రీలత నన్నడిగింది. “నేను బీసీలకు పోతే అండ్లున్నామె ఏమైతది మేడం?”

“లిస్టుల నుంచి పోతది.”

“ఎవలామె?”

“సిరిసిల్లోళ్ల పిల్ల. బట్ట నేసెటోళ్లు.”

శ్రీలత తండ్రి వైపు తిరిగింది. “నేను రాసియ్య నాయినా. నా మార్కుల మీద నాకు వచ్చింది నేను తీసుకుంట. ఆమెది గుంజుకోను.”

“మరి తాళ్లు బిడ్డా?”

“దొరతోని నేను మాట్లాడుత.”

మాట్లాడిందట. అయినా ఆ ఏడు కొన్ని చెట్లు వేరేవాళ్లకు పోయాయని తర్వాత విన్నాను. చాలా బాధేసింది. మోహన్‌రావు గారి తమ్ముడి కూతురికి మరుసటి విడతలో ఓపెన్‌లోనే పోస్టు వచ్చింది.

ఆర్డర్లు ఇచ్చిన రోజు జ్యోతి, శ్రీలత నా టేబుల్ ముందే మొదటిసారి కలిశారు.

“అక్కా, నీకు గూడ బీసీలనే వచ్చిందా?”

“లే, ఓపెన్ల.”

“బతికించినవ్! లేకుంటె నాకు రాకపోతుండె,” అని జ్యోతి పకపకా నవ్వింది. తను ఎంత నిజం చెప్పిందో ఆమెకు తెలియదు.

రిజర్వేషన్లు ఉండాలా వద్దా అని నా ముందు వాదించేవాళ్లు ఇప్పటికీ వస్తారు. అందరి మాటా వింటాను. ఎక్కువ మార్కులు తెచ్చుకున్న పిల్లను ‘నీ కోటాలోకి నువ్వు పో’ అని తోస్తే, ఆ తోపుకి పడిపోయేది ఆమె కాదు, ఆమె వెనకున్న మరో పేదింటి పిల్ల. ఇన్నేళ్ల నౌకరీలో నాకు ఆ సంగతి రూల్ బుక్కు కంటే గట్టిగా చెప్పింది శ్రీలతే.