కార్బైడ్ దీపానికి నీళ్లు

ఆ రోజుల్లో ఎంత భయమున్నా పిలిచిన చోటికల్లా వెళ్లేవాణ్ణి. రానంటే పిరికివాడనుకుంటారన్న భయం అంతకన్నా పెద్దది. నారాయణగూడలో కొత్తగా గుమాస్తాగా చేరాను. అశోక్‌నగర్‌లో నా పక్క గదాయనకు గుహలంటే పిచ్చి. అందరం ఆయన్ని గుహలన్న అనేవాళ్లం. రెండు రోజుల సెలవులో నన్నూ, మా ఆఫీసు టైపిస్టు అక్కనూ కాచిగూడలో రైలెక్కించి, కర్నూలు వైపు ఓ గుహకు తీసుకెళ్లాడు. (చీకటంటే నాకు భయమని ఇద్దరికీ చెప్పలేదు.)

అన్న టోపీకి ఇత్తడి దీపం బిగించి ఉంది. కింది డబ్బాలో కార్బైడ్ ముక్కలు, పై డబ్బాలో నీళ్లు. చుక్కచుక్కగా నీళ్లు పడితే వెల్లుల్లి కంపు కొట్టే గ్యాసు పుట్టి, తెల్లగా మండుతుంది. కార్బైడ్ అంటే మామిడికాయలు మగ్గబెట్టేదనే తెలిసిన నేను నోరెళ్లబెట్టాను. దీపానికి తెచ్చిన నీళ్లసీసా మోసే పని నాది. లోపలికి పోయేకొద్దీ భయంతో గొంతు ఎండిపోయి, మలుపుకో గుక్క తాగాను. గంటన్నరకు దీపం చిన్నబోయి, టప్పున ఆరిపోయింది. వెంట తెచ్చిన టార్చి అంతకుముందే మొరాయించింది.

"తమ్మీ, సీసా ఇయ్యి" అన్నాడు అన్న చీకట్లోంచి.

"అయిపోయినయన్నా. నేనే తాగిన."

"పెండ్లికి పోతున్నని మా అమ్మకు చెప్పి వచ్చిన" అంది అక్క ఏడుపుగొంతుతో.

"పరేషాన్ గాకుర్రి. తాగిన నీళ్లు యాడికి పోతయ్? వాని కడుపులనే ఉన్నయ్. ఇగో తమ్మీ, డబ్బా పట్టు."

అర్థమయ్యేసరికి నా చెవులు వేడెక్కాయి. "నేను చెవులు మూసుకున్న, జర జల్దీ కానీ" అంది అక్క. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి, అయినా సిగ్గుతో ఒక్క చుక్క రాదే! (సీసాడు తాగినవాణ్ణి!) చివరికి అన్న, పసివాణ్ణి కాళ్లమీద కూర్చోబెట్టుకున్న తల్లిలా "స్‌స్‌స్" మని మొదలుపెట్టాడు. ఓ క్షణానికి అక్క కూడా అందుకుంది. (చెవులు మూసుకున్న మనిషే!)

అగ్గిపుల్ల గీయగానే దీపం భగ్గుమంది. గోడల నిండా తెల్లరాళ్లు ఉప్పు చల్లినట్టు మెరిశాయి. "ఏం రోష్నీరా!" అన్నాడు అన్న. ఆ వెలుగులోనే ముగ్గురం బయటపడ్డాం. దీపాన్ని మాత్రం అన్న మళ్లీ టోపీకి పెట్టుకోలేదు. ఊరు చేరేదాకా నా చేతికే ఇచ్చి, చిక్కడపల్లి బోరింగు దగ్గర మూడుసార్లు తోమించాడు.

ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. తర్వాత నౌకరీలో ప్రమోషన్లు వచ్చాయి, శాలువాలు కప్పారు. కానీ ఇద్దరు మనుషులు ఊపిరి బిగబట్టి నాకోసం ఎదురుచూసింది మాత్రం ఆ ఒక్కసారే.