పంచదార చిలక రంగు

డెబ్భయ్యో దశకంలో ఒక ఆగస్టు పదిహేను. నల్లగొండ నుంచి పోర్టు పని మీద విశాఖపట్నం వెళ్లాను. ఆఫీసులన్నీ మూసి ఉండడంతో, దిగిన స్నేహితుడింటికి చేపలు కొందామని జాలరిపేట నడిచాను. చేపల బుట్ట ముందు కూర్చున్నామెది ఇంచుమించు నా వయసే. కొప్పులో కాగితం జెండా పెట్టుకుంది.

"ఇయ్యాల సెలవు లేదా అమ్మా?" అన్నాను.

"బేరం అయిపోతే నాకూ సెలవే బాబూ, జెండా పండగ కదా!" అని నవ్వింది. "తొలి జెండా పండక్కి మా బళ్లో పంచదార సిలకలు ఇచ్చినారు. నాను తినకండా మూడ్రోజులు దాసుకున్నాను. సీమలు పట్టేసినాయి. మీ బళ్లో ఏటిచ్చినారు?"

నలభై ఏడులో ఆ రోజు మాకూ సెలవే, కానీ శుక్రవారమైనందుకు. నిజాం రాజ్యంలో వారం సెలవు శుక్రవారం. మరుసటి ఏడు సెప్టెంబరులో ఆ రాజ్యం పోయింది, శుక్రవారం సెలవు ఆదివారానికి మారింది. మేం విడుదలైన రోజుకు మాత్రం క్యాలెండరులో ఎర్రంకె పడలేదు. ఎర్రంకె ఆమె చిలక తేదీకే ఉంది. నాకు కడుపు మండింది.

"మాకూ చిలకలే ఇచ్చిండ్రు," అన్నాను.

"ఏ రంగుది?"

"చిలకపచ్చ."

ఆమె బుట్ట మీద ఈగలు తోలడం ఆపింది. "పంచదార సిలకలు తెల్లగుంటాయి బాబూ. మీకు ఇవ్వనేదు కదూ?" అని, కొప్పులోని జెండా తీసి నా చేతికివ్వబోయింది.

నేను తీసుకోలేదు. నాకు కావలసింది చిలక.