అంచు లేని పిలక

కోడలు కర్టెన్ల దుకాణంలో మిషన్ కుడుతుంది. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండింటిదాకా గజాలకొద్దీ గుడ్డకు అంచు మడిచి కుట్టడమే పని. అంతసేపూ పక్కింటావిడ వచ్చి అత్తగారి దగ్గర కూర్చుంటుంది. రెండింటి నుంచి అత్తగారు కోడలి వంతు. ఆ పనికి మొదలు రెండింటికని చెప్పగలం గాని, ముగింపు ఎప్పుడో చెప్పలేం. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతూ వారానికోసారి వస్తాడు. వచ్చి, "ఎలా ఉంది అమ్మ?" అని అడిగి నిద్రపోతాడు. అతన్ని మాత్రం ఏమంటాం, అతనూ మనిషేగా.

అత్తగారు కూడా ఒకప్పుడు కుట్టుపనివారే. కోడలికి అంచు కుట్టడం నేర్పిందీ ఆవిడే, నేర్పుతూ దుమ్ము దులిపిందీ ఆవిడే. "వంకరగా వచ్చింది, విప్పు" అని ఇరవై ఏళ్ళలో ఎన్ని వేలసార్లు అందో! "బాగుంది" అన్న మాట మాత్రం, అబ్బే, ఆ నోట పుట్టలేదు. కోడలు ఎదురు చెప్పకుండా విప్పి మళ్ళీ కుట్టేది. "మొండిఘటం" అనేది అత్తగారు.

రెండేళ్ళ కిందట ఆవిడకు మరుపు మొదలైంది. ముందు పొయ్యి ఆర్పడం మరిచింది, తర్వాత వారాలు, చివరికి కోడలి మొహమే మరిచింది. ఇప్పుడు కోడల్ని "అమ్మాయ్" అని పిలుస్తుంది. పనికి ఎవరో పంపిన మనిషి అనుకుంటుంది. సాయంత్రమయ్యేసరికి చెప్పులు వెతుక్కుని, "మా ఇంటికి వెళ్ళాలి" అని తలుపు దగ్గరికి నడుస్తుంది. ఒకసారి మెట్లు దిగి బస్టాప్‌దాకా వెళ్ళిపోయింది కూడా. ఆ రోజు కోడలి తలప్రాణం తోకకొచ్చింది.

అలాంటప్పుడు ఆవిడను ఆపగలిగింది ఒక్కటే, కిటికీ దగ్గరున్న స్నేక్ ప్లాంట్. నిలువు ఆకులతో నడుమెత్తు పెరిగింది, ఒక్కో ఆకుకీ రెండు పక్కలా పసుపు అంచు. అత్తగారు చిన్న పిలక తెచ్చి పెంచిన మొక్క. దాన్నీ మొండిఘటం అనే పిలిచేది. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపిస్తే, ఆకు అంచు మీద బొటనవేలు రాసి, "ఇది నాదే. అయితే ఇది మా ఇల్లే" అని కుర్చీలో కూలబడేది. ఆ ఒక్క మాటతో కోడలికి ఆ పూట గడిచేది.

అయితే స్నేక్ ప్లాంట్ ఏం చెయ్యకపోయినా బతుకుతుంది గాని, నీళ్ళు ఎక్కువైతే మాత్రం చస్తుంది. అత్తగారేమో పోసిన సంగతి మరిచి మళ్ళీ పోసేది. చెంబు దాస్తే గ్లాసుతో, గ్లాసు దాస్తే మందు సీసా మూతతో. వానాకాలం ముగిసేలోగా ఆకులు మొదళ్ళ దగ్గర మెత్తబడి, ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి. ఒకరోజు పని నుంచి వచ్చి కోడలు కుండీ బోర్లించింది. కుళ్ళు వాసన గుప్పుమంది. అప్పటికే ఒంట్లో ఓపిక లేదు. పైన బాగున్న ఆకులు రెండు కోసి పెట్టుకుని, దుంపలు, వేళ్ళు, మట్టి అన్నీ సంచిలో కట్టి చెత్తలో పడేసింది.

ఆ ఆకుల్ని నాలుగేసి వేళ్ళ పొడవున ముక్కలు చేసింది. తలకిందులుగా నాటితే వేరు పట్టదని విని, కింది వైపు దర్జీ సుద్దతో గీత పెట్టుకుంది. కోత ఆరడానికి రెండు రోజులు నీడలో ఉంచి, ఇసుక కలిపిన మట్టిలో నాటి, బీరువా పైన దాచింది. అత్తగారికి ఉట్టి మట్టి నింపిన కుండీ ఒకటి ఇచ్చింది. ఆవిడ రోజంతా దానికి నీళ్ళు పోసేది, కోడలు రోజూ కింది పళ్ళెం పారబోసేది. ఈలోగా అంచున్న మొక్క ఒకటి కొని కిటికీలో పెట్టి చూసింది. జానెడు మొక్క. అత్తగారు దాన్ని తీసుకెళ్ళి గుమ్మం బయట పెట్టి, "ఎవరిదో పాపం, ఇచ్చెయ్" అంది. మూడు రోజులు ఇదే వరస.

ఇక ఆ ముక్కల మీదే ప్రాణాలన్నీ పెట్టుకుని మూడు నెలలు ఎదురుచూసింది కోడలు. చివరికి పిలకలు వచ్చాయి. నిగనిగలాడుతూ, కత్తుల్లా వచ్చాయి. కానీ ఒక్కదానికీ పసుపు అంచు లేదు. అంతా ఆకుపచ్చే.

మొక్కలమ్మే ఆయన్ని అడిగితే, "ఆకు ముక్క నుంచి అంచు రాదమ్మా. దుంప కోసి నాటితేనే వస్తుంది. దుంపలో గట్టిగా ఉన్న ముక్క వెతకలేదా?" అన్నాడు.

వెతకలేదు. ఆ రోజు అలసిపోయి ఉంది. అంతే జరిగింది. ఆ మాట ఆయనకేం చెప్తుంది, ఇంటికొచ్చింది.

సాయంత్రం అత్తగారు మళ్ళీ చెప్పులు వేసుకుంది. కోడలు ఆశ చావక పిలక కుండీ తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఆవిడ ఆకు అంచున బొటనవేలు రాసింది.

"అంచు వెయ్యలేదేం దీనికి?"

"రాలేదు అత్తయ్యా. పొరపాటు నాదే."

"మా కోడలికివ్వు, వేస్తుంది. దాని చెయ్యి అలాంటిది. నాక్కూడా రాదు అంత తిన్నగా." అత్తగారు గొంతు తగ్గించింది. "దానికి చెప్పకు. నెత్తికెక్కుతుందని నేనెప్పుడూ అన్లేదు. ఒక్కత్తే అన్నీ చేసుకుంటుంది, మొండిఘటం. అలిసిపోతుంది పాపం."

కోడలికి ఏడుపు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వెందుకు ఏడుస్తావ్ అమ్మాయ్? లే, నన్ను ఇంటికి పంపించు. మా కోడలు నాకోసం చూస్తుంటుంది."

ఇదిగో మొక్క, ఇదే మీ ఇల్లు అని చెప్పడానికి ఈసారి ఏమీ లేదు. కోడలు కుండీ పక్కన పెట్టి, తనూ చెప్పులు వేసుకుంది. "పదండి, నేను దిగబెడతా" అంది. ఇద్దరూ చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు. వీధి చివరిదాకా నడిచారు, వెనక్కి తిరిగారు, మళ్ళీ మెట్లెక్కారు. గుమ్మం దగ్గర కోడలు తాళం తీసి, తానే ముందు లోపలికి వెళ్ళి, ఇటు తిరిగి నిలబడింది.

"వచ్చారా అత్తయ్యా! మీకోసమే చూస్తున్నా."

అత్తగారు ఆమె మొహం కాసేపు చూసింది. "వచ్చాను" అని చెప్పులు విడిచింది.