సూరమ్మగారి రాగి బిందెలో యాసిడ్ వాన

1998లో అమలాపురంలో మట్టి, నీళ్ళు పరీక్షించే లేబొరేటరీలో పనిచేసేవాణ్ణి. కోనసీమలో యాసిడ్ వర్షాన్ని మొట్టమొదట పట్టుకున్నది నేనే. అప్పటికే ఎండల్లో, బురదల్లో సీసాలు మోసి మోసి విసిగిపోయి ఉన్నాను. చెప్పుకోదగ్గ కేసు ఒక్కటైనా తగిలితే బాగుండుననిపించేది.

ఓడలరేవు వైపు సూరమ్మగారి తమలపాకు తోటలో వాన వెలిశాక ఆకులన్నీ నల్లమచ్చలు పడ్డాయి. గ్యాస్ బావి మంట పొగే వానతో దిగిందని ఊళ్ళో భయం. ఆ ఇంటికి ఆ తోటే తిండి. కబురు పెడితే వెళ్ళాను.

"మీరొస్తారని వాన నీళ్ళు పట్టి ఉంచేనండి," అంటూ తళతళలాడే రాగి బిందె తెచ్చారు. పీహెచ్ మీటర్ ముంచాను. పీహెచ్ అంటే పులుపుకి కొలత. అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ. గాలిలోని బొగ్గుపులుసు వాయువు వల్ల మామూలు వానే ఐదున్నర దగ్గర ఉంటుంది. ఇక్కడ నాలుగు చూపించింది. యాసిడ్ వానేనని చెప్పాను.

"ఎందుకొస్తుందండీ ఇది?"

"బొగ్గు, నూనె మండితే గంధకం, నైట్రోజన్ వాయువులు లేస్తాయండి. మబ్బులో తేమతో కలిసి యాసిడ్ అవుతాయి. అది మట్టిలో సత్తువ కడిగేస్తుంది. చెరువులో చేపలు బతకవు."

"దీనికి మందు లేదాండీ?"

"పొగగొట్టంలోనే సున్నంతో గంధకాన్ని పట్టెయ్యాలండి."

"ఆయ్! ఆకుకే కాదు, పొగక్కూడా సున్నమేనన్నమాట!" నవ్వారు గానీ చూపు తోట మీదే ఉంది. "మరి నన్నేం చెయ్యమంటారు?"

ఆలోచించుకోమన్నాను. ఆవిడే కంగారుపడి సగం తోట పీకించేశారు.

తర్వాతి వానకి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగిన ప్లాస్టిక్ డబ్బా నేనే పెట్టాను. ఐదున్నర! అనుమానమొచ్చి బిందె సంగతి ఆరా తీశాను. ఆఫీసరుగారొస్తున్నారని చింతపండుతో తోమారట. ఆ పులుపు అంచున మిగిలిపోయింది. వాన నీళ్ళలో పులుపుని విరిచే లవణాలు దాదాపు ఉండవు, ఆ కాస్తకే మీటర్ దిగిపోయింది. మచ్చలు తేమకొచ్చిన తెగులువి. మందు కొడితే మిగిలిన సగం నిలబడింది.

మొదట్లో గొప్పగా చెప్పాను గానీ, నేను పట్టుకున్నది యాసిడ్ వర్షాన్ని కాదు, చింతపండుని. నీళ్ళకంటే ముందు గిన్నెని పరీక్షించాలని ఆ కేసు నేర్పింది.

ఇదంతా మొన్న సూరమ్మగారికి చదివి వినిపించాను. ఆకులు దొంతి పేరుస్తూనే చివరిదాకా విన్నారు.

"ఆలోచించుకోమన్నారా? 'ఇవాళే పీకించెయ్యండి' అన్నారండీ మీరు. చింతపండేసి తోమేనని బిందె ఇచ్చినప్పుడే చెప్పేను. మీరే వినలేదు."