అక్క గదికి సున్నం వేయని ఏడాది

చేతులు వణకడం మొదలయ్యాక సున్నాలాయన కుంచె పక్కన పెట్టేశాడు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని పాత ముచ్చట్లు చెప్పేటప్పుడు, తాను మెరిపించిన ఇళ్ల ఊసు ఎత్తడు. సున్నం వేయకుండా వదిలేసిన గోడ కథే చెబుతాడు.

అది అక్కగారి వెనకగది గోడ. ఏటా వానలు వెలిశాక మొదటి పని ఆమె ఇంట్లోనే. ఊరందరికీ రెండు పూతలైతే తోడబుట్టినదానికి మూడు. అయినా రెండు నెలలు తిరక్కుండానే నల్లటి బూజు మళ్లీ పైకి పాకేది. ఆ గదిలో పడుకునే బావగారికి దగ్గు ముదిరింది. ఆ ఏడాది మాట మధ్యలో ఊపిరందక ఆగిపోతున్నాడు.

"ఊళ్లోవాళ్ల గోడలు మల్లెపూలు, నా గోడకి మాత్రం మసి. అక్కంటే అలుసు కాబోలు," అంది ఆమె.

అతనికి చురుక్కుమంది. కుంచె ముంచబోయి ఆగాడు. ఇన్నేళ్లూ ఆమె తొందరను కాదనలేక మచ్చ మీద పూత వేశాడేగానీ, చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడనేలేదు.

పెరట్లోకి వెళ్లాడు. గోడకు ఆనించి నడుమెత్తున పొయ్యికట్టెలు, వాటి కింద నానిన మట్టి. వానల్లో భార్య ఇబ్బంది పడకూడదని బావగారు ఏటేటా పేర్చినవే.

"బావా, అక్క కోసం నువ్వు కట్టెలు పేర్చావు, నేను సున్నం పూశాను. ఇద్దరం కలిసి నీ ఊపిరి మీదకి తెచ్చాం."

కట్టెలు దూరంగా మోశాడు. మట్టి లాగేశాడు. మూతికి గుడ్డ కట్టుకుని బూజు పట్టిన గార గీకేశాడు. బావగారి మంచం ముందుగదిలో వేయించాడు.

"గోడ ఎండేదాకా సున్నం వేయనక్కా. కిటికీలు మూయకు."

"వచ్చినవాళ్లకి ఎముకల గూడులాంటి ఈ గోడ చూపించనా?" అక్క మొహం తిప్పుకుంది. ఆ తర్వాత మాట్లాడలేదు. అయినా అతను రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చి కిటికీలు తెరిచేవాడు. మాట లేకపోయినా, గడప దగ్గర మూతపెట్టిన టీ గ్లాసు వేడిగా ఉండేది.

నెల గడిచింది. పక్కింటావిడ వచ్చి, ముందుగదిలో బావగారి దగ్గర కాసేపు కూర్చుని, వెనకగదిలోకి తొంగిచూసింది.

"అదేంటి వదినా, తమ్ముడు సున్నాలు వేసేవాడై ఉండి నీ గోడ ఇలా వదిలేశాడా?"

కిటికీ దగ్గరున్న అతను తల దించుకున్నాడు.

"గోడ సంగతి వాడు చూసుకుంటాడులే," అంది అక్క. "ఇందాకటి నుంచి మీ అన్నయ్య నీకు ఊరి కబుర్లన్నీ చెబుతున్నారు కదా. ఒక్కసారైనా దగ్గారా?"

పక్కింటావిడ అటు చెవి పెట్టింది. ముందుగదిలోంచి బావగారు, వినేవాళ్లు లేచి వెళ్లారని కూడా చూసుకోకుండా, ఇంకా చెబుతూనే ఉన్నాడు.