వస్తాను అన్న మాట

మా ఇంట్లో గడప దాటేవాళ్లెవరూ "వెళ్తాను" అనకూడదు. "వస్తాను" అనాలి. చిన్నప్పుడు నేను పొరపాటున "పోతాను" అంటే నాయనమ్మ వెనక్కి పిలిచి, మంచినీళ్లు తాగించి, సరైన మాట అనిపించి అప్పుడు పంపేది. మాట విషయంలో మాకు పట్టింపు ఎక్కువ. మా తాతగారు ఒక పెళ్లి పందిట్లో నోటిమాటగా ఇస్తానన్న మాగాణిని, కాగితం లేకపోయినా, అన్నదమ్ములు కాదన్నా ఇచ్చేశారు. ఆ తర్వాత మొదలైన కోర్టు గొడవల్లో మిగిలిన పొలాలూ మండువా ఇల్లూ పోయాయి. ఊళ్లోవాళ్లు దాన్ని తెలివితక్కువతనం అన్నారు. మేం మాత్రం మాట తప్పని ఇల్లు అని చెప్పుకునేవాళ్లం. తల ఎత్తుకుని నడవడానికి నాకు మిగిలింది అదొక్కటే.

తొంభైల చివర్లో నేనూ మా ఆవిడా కొండాపూర్‌లో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకు దిగాం. మాదాపూర్ వైపు గుట్టలు పగలగొట్టి అద్దాల భవనాలు లేపుతున్న రోజులవి. అక్కడే ఒక ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి పంపిన మాటల్ని హెడ్‌ఫోన్లలో విని టైపు చేయాలి. అందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. నలభై దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. డాక్టరు నమిలి మింగేసిన ఒక్క మాట కోసం పదిసార్లు వెనక్కి తిప్పి వినేవాణ్ణి. నా చెవి చాలా నికరమైనదని అక్కడ పేరు.

ఇంటాయన ఆ ఊరివాడే. అరవై దాటాయి. ఇంటి వెనక కొట్టంలో రెండు బర్రెలు ఉండేవి. కొడుకూ కోడలూ కట్టడాల మీద కూలికి పోతే, వాళ్ల ఐదేళ్ల కూతురు రోజంతా తాత వెంటే తిరిగేది. మేం సామాను దింపుతుండగా ఆయన వచ్చి, "తిన్నవా సారూ?" అన్నాడు. సారూ అంటూనే నువ్వు! మా ఊళ్లో నాకన్నా పెద్దవాళ్లు కూడా నన్ను "మీరు" అనేవారు. "భోంచేశామండి" అన్నాను, ఆయనకు తెలిసిరావాలని ఆ "అండి"ని కొంచెం నొక్కి. ఆయనకేమీ తెలిసిరాలేదు. "ఏంది, గంత చిన్నగ మాట్లాడ్తవ్? ఇది నీ ఇల్లే అనుకో" అంటూ వచ్చి బీరువాకు భుజం పట్టాడు.

మా ఆవిడ నెల తిరక్కుండానే అలవాటుపడింది. "ఆయన దేవుణ్ణి కూడా నువ్వనే అంటాడు. మీరేమైనా దేవుడికన్నా ఎక్కువా?" అని నన్ను ఆటపట్టించేది. నేను మాత్రం అలవాటుపడలేదు. ఆయన పలకరించిన ప్రతిసారీ ముక్తసరిగా జవాబు చెప్పి లోపలికి వెళ్లిపోయేవాణ్ణి.

ఒక ఆదివారం సాయంత్రం గుమ్మంలో పేపరు చదువుకుంటున్నాను. ఆయన మనవరాలితో వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"సారూ, ఒక ముచ్చట ఉండె."

మా వైపు ముచ్చట అంటే మురిపెం, ఒక చిన్న సరదా. ఆయన మాటలో అది సంగతి. ఆ తేడా నాకు అప్పటికే తెలుసు. అయినా పేపరు మడవలేదు.

"పోరిని ఇంగ్లీషు బడిల ఎయ్యాలనుకుంటున్నం. రోడ్డు మీద కొత్తగ పెట్టిన్రు గదా, గా బడిల. రేపు పది గొట్టంగ రమ్మన్నరు. ఇంట్ల ఇంగ్లీషు మాట్లాడేటోళ్లు ఉంటెనే తీసుకుంటరట. మా ఇంట్ల ఒక సారు ఉన్నడని చెప్పొచ్చిన. జర నువ్వొచ్చి మాట్లాడాలె."

"నేనా?"

"నువ్వే. నీ అంత ఇంగ్లీషు ఈడ ఎవ్వలకొస్తది?"

"సారు టక్కు చేస్కొని వస్తడా తాతా?" అంది పిల్ల.

"చేస్కుంటడు తియ్. నువ్వు పళ్లు తోముకో, చాలు."

నన్ను అడక్కుండానే నా సంగతి చెప్పిరావడం నాకు నచ్చలేదు. "నువ్వొచ్చి మాట్లాడాలె" అనడం అంతకన్నా నచ్చలేదు. ముఖం మీద కాదనడం మర్యాద కాదు గనక, "చూద్దామండి" అన్నాను. మా ఇంట్లో పెద్దవాళ్లు వద్దని చెప్పే పద్ధతి అది. విన్నవాడు గ్రహించి మళ్లీ ఆ ఊసెత్తడు. ఆయన మాత్రం "గంతే సారూ, గంతే" అంటూ సంతోషంగా లేచి వెళ్లాడు.

మర్నాడు ఎనిమిదిన్నరకు ఆఫీసుకు బయల్దేరాను. ఆయన ఉతికిన పంచె కట్టి, తలకు రుమాలు చుట్టి అరుగు మీద కూర్చున్నాడు. పిల్లకు నూనె రాసి రెండు జడలు వేసి ఎర్ర రిబ్బన్లు కట్టారు. చూడలేదని అనలేను. చూశాను.

"ఇయాల గూడ ఆఫీసేనా సారూ?"

"అవునండి. ఆలస్యమైంది. వస్తాను."

"మంచిది. మేము బడి కాడ ఉంటం" అని వెనక నుంచి అన్నాడు. అదీ నాకు వినపడింది. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి, నేను రావడం లేదని చెబితే సరిపోయేది. బస్సు వచ్చేస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. బస్సు రావడానికి ఇంకో పావుగంట పట్టింది.

సాయంత్రం వచ్చేసరికి మా ఆవిడ ముఖం మాడ్చుకుని ఉంది.

"బడికి వస్తానన్నారటగా?"

"వెళ్లొస్తాననే అర్థంలో అన్నాను."

"ఆ అర్థం ఆయనకెవరు చెప్పాలి, నేనా?"

ఒంటిగంట దాకా వాళ్లిద్దరూ గేటు దగ్గరే నిలబడ్డారట. లోపలి నుంచి రెండుసార్లు పిలిచారట. రెండుసార్లూ ఆయన, "మా సారు వస్తున్నడు, జర ఆగుండ్రి" అన్నాడట. మూడోసారి వేరేవాళ్లను పిలిచారు.

నేను కొట్టం దగ్గరికి వెళ్లాను. ఆయన చూడి బర్రెకు కుడితి పెడుతున్నాడు. సంజాయిషీ చెప్పాలనే వెళ్లాను గానీ, నోటి నుంచి వచ్చింది వాదన. "నేను మాట ఇవ్వలేదండి. మా వైపు వెళ్లేటప్పుడు వస్తాననే అంటారు."

ఆయన నా వైపు తిరిగాడు. "అట్లనా? మరి నిజంగ వచ్చేదుంటె ఏమంటరు సారూ?"

అందులో వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగాడు.

"అప్పుడూ వస్తాననే అంటాం" అన్నాను.

"మరి ఎదుటోనికి ఎట్ల తెలుస్తది?"



మంగళవారం సెలవు పెట్టి, టక్కు చేసుకుని ఆ బడికి ఒక్కణ్ణే వెళ్లాను. గుమాస్తాతో పది నిమిషాలు నిక్షేపంలాంటి ఇంగ్లీషు మాట్లాడాను. అతను ఓపికగా విని, "నిన్ననే అయిపోయాయండి సీట్లు" అని తెలుగులో చెప్పాడు. జూన్‌లో ఆ పిల్ల సర్కారు బడికి పోయింది. అక్కడా చదువుకునే ఉంటుంది. కానీ ఆ మూడు గంటలూ రోడ్డువైపు చూస్తూ గేటు పట్టుకుని నిలబడ్డది, వస్తానని చెప్పిన మనిషి కోసం.

బడి నుంచి తిరిగొచ్చిన సాయంత్రం మళ్లీ కొట్టం దగ్గరికి వెళ్లాను. సారీ అందామనుకున్నాను. అది బస్సులో కాలు తొక్కినప్పుడు అనే మాట. క్షమించండి అంటే నాటకంలా ఉంటుంది. అనాల్సింది "తప్పయింది" అని. ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ ఎదుటివాళ్లే వచ్చి అనేవారు. మేం వినేవాళ్లం. దాన్ని ఎలా మొదలుపెట్టాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా నాకు తెలియలేదు. "బర్రె ఎప్పుడు ఈనుతుందండి?" అన్నాను.

"ఇంగో పది దినాలు. జున్ను తింటవా సారూ?"

"తింటాను."

బర్రె ఈనిన మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల సత్తు గిన్నె నిండా జున్నుపాలు పట్టుకొచ్చి గడప మీద పెట్టి, నేను పిలిచేలోపు పరుగెత్తింది. మా ఆవిడ బెల్లం వేసి జున్ను వండింది. నేను తిన్నాను.